గౌను అమ్మడానికి తీసిన ఫొటో కళేనా?

ఫ్యాషన్ పత్రికలంటే మనలో చాలామందికి ఒకటే అభిప్రాయం. సెలూన్లోనో ఎయిర్‌పోర్టులోనో కాలక్షేపానికి తిరగేసే దళసరి పుస్తకం. సగం పేజీలు యాడ్లు, మిగతా సగం కూడా యాడ్లలాగే ఉంటాయి. వాటిలో కొన్ని ఫొటోలు గొప్ప ఆర్ట్ అని నేనంటే మా టీములో ఒకాయన పకపకా నవ్వాడు. ఆయన లాజిక్ మూడు ముక్కల్లో తేలిపోయింది: ఎవడో ఆర్డరిచ్చాడు, ఎవడో డబ్బులిచ్చాడు, చివరికి సరుకు అమ్ముడుపోవాలి. ఇందులో కళెక్కడుందయ్యా అని.

ఈ లాజిక్ ఒప్పుకుంటే మనం చాలా వదులుకోవాలి. వడ్డాది పాపయ్య చందమామకీ, యువకీ వేసిన ముఖచిత్రాలు కూడా ఆర్డరు మీద వేసినవే. బొమ్మ టైముకి ప్రెస్సుకి వెళ్ళాలి, పత్రిక అమ్ముడుపోవాలి. అయినా వాటిని కళ అనడానికి మనం ఒక్క క్షణం కూడా తడుముకోం. రామప్ప గుడి శిల్పులు మాత్రం ఊరికే చెక్కి ఉంటారా? కాబట్టి డబ్బులెవరిచ్చారన్నది అసలు ప్రశ్న కాదు. ఆర్డరులో అడిగినదానికంటే ఫొటోలో ఎక్కువేమైనా ఉందా అన్నదే ప్రశ్న. క్లయింటు ఇచ్చిన రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటుకీ చేతికొచ్చిన వస్తువుకీ మధ్య ఒక తేడా ఉంటుంది చూడండి, కళ ఉంటే గింటే ఆ తేడాలోనే ఉంటుంది. (మన ప్రాజెక్టుల్లో ఆ తేడాని బగ్ అంటారనుకోండి, అది వేరే సంగతి :))

ఆ తేడా ఎక్కడెక్కడ ఎలా పుట్టిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

వోగ్ పత్రిక 1892లో న్యూయార్క్‌లో మొదలైంది. అప్పట్లో అది ఊళ్ళోని పెద్దింటివాళ్ళ కోసం నడిచే వారపత్రిక. 1909లో కాండే నాస్ట్ అనే వ్యాపారి దాన్ని కొన్నాడు. ఆ రోజుల్లో కొత్త ఫ్యాషన్లు చూపించాలంటే బొమ్మలు గీయించడమే ఎక్కువ. ఫొటోలు ఉన్నా, గౌను ఎలా కుట్టారో కనబడితే చాలన్నట్టు ఉండేవి.

1911 ఏప్రిల్లో ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఫొటోగ్రాఫర్ పారిస్‌లో పాల్ పువారె కుట్టించిన గౌన్లను ఫొటోలు తీశాడు. అవి ఆర్ట్ ఎ డెకొరాసియోం అనే ఫ్రెంచి పత్రికలో అచ్చయ్యాయి. ఫ్యాషన్ ఫొటోగ్రఫీ చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా ఇక్కడినుంచే మొదలెడతారు. ఇక్కడ తమాషా ఏమిటంటే, ఈ స్టైకెన్ ఎవరో పొట్టకూటికి ఫొటోలు తీసుకునే మనిషి కాదు. ఫొటో కూడా పెయింటింగ్‌తో సమానమైన కళే అని పోట్లాడిన బృందంలో ముఖ్యుడు. 1902లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌తో కలిసి ఫొటో-సెసెషన్ అనే సంఘం, 1905లో న్యూయార్క్ ఐదో ఎవెన్యూలో దానికొక గ్యాలరీ పెట్టినవాడు. అంటే కళ కోసం జెండా పట్టుకున్న మనిషే మొదట గౌన్ల దగ్గరికి నడిచివెళ్ళాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో స్టైకెన్ అమెరికన్ సైన్యంలో విమానాల మీదనుంచి ఫొటోలు తీసే విభాగాన్ని నడిపించాడు. అక్కడ మసక మసకగా అందంగా తీస్తే కుదరదు, కింద కందకం ఎక్కడుందో స్పష్టంగా తెలియాలి. అంతకుముందు పెయింటింగుల్లాగా పొగమంచు కమ్మినట్టుండే ఆయన ఫొటోలు యుద్ధం తర్వాత కత్తిలా పదునెక్కాయి. 1923లో కాండే నాస్ట్ ఆయన్ని ఉద్యోగంలోకి పిలిచాడు. కళాకారుడు కదా, నామోషీ అనుకుంటాడేమోనని, ఫ్యాషన్ ఫొటోల కింద పేరు వెయ్యకపోయినా ఫరవాలేదన్నాడట. 1911లోనే గౌన్ల ఫొటోలు నా పేరుతో అచ్చేశాను, ఇప్పుడెందుకు దాస్తాను అన్నాడట స్టైకెన్. పాత మిత్రుడు స్టీగ్లిట్జ్‌కి మాత్రం ఈ వ్యాపారం గిట్టలేదు. మా టీములో ఆయన వాదన వందేళ్ళ నాటిదన్నమాట!

అప్పటికి ఫ్యాషన్ ఫొటో అంటే స్టూడియో. బరువైన కెమెరా, దానికి తగ్గ లైట్లు, వాటి ముందు కదలకుండా నిలబడ్డ మనిషి. ఆ గోడలు బద్దలుకొట్టినవాడు మార్టిన్ ముంకాచి అనే హంగరీ దేశస్థుడు. ఆయన ఆటల పోటీలు ఫొటోలు తీసేవాడు. వోగ్‌కి పోటీ పత్రిక హార్పర్స్ బజార్లో పనిచేస్తున్న కార్మెల్ స్నో 1933లో ఆయన్ని లాంగ్ ఐలాండ్ బీచికి తీసుకెళ్ళింది. చలికాలం, ఈదురుగాలి. లూసిల్ బ్రోకా అనే అమ్మాయి స్విమ్‌సూటూ, పైన ఒక కేపూ వేసుకుని నిలబడింది. ఇంగ్లీషు సరిగ్గా రాని ముంకాచి చేతులతో సైగలు చేశాడు, పరిగెత్తమని. ఆమె పరిగెత్తింది, వెనకాల కేపు ఎగిరింది. 1933 డిసెంబర్ సంచికలో వచ్చిన ఆ ఫొటోని ఇప్పుడు చూస్తే, ఇందులో విశేషమేముంది, అన్ని యాడ్లలోనూ అమ్మాయిలు పరిగెడుతూనే ఉన్నారుగా అనిపిస్తుంది. అవన్నీ దీని పిల్లలే. ఆర్డరు స్విమ్‌సూట్ చూపించమని. వచ్చింది మాత్రం ఒక ఆడమనిషి హాయిగా, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు పరిగెత్తడం. నేనన్న తేడా ఇదే.

అన్నట్టు, ముంకాచి అంతకు కొన్నేళ్ళ ముందు ఆఫ్రికాలో నీళ్ళలోకి పరిగెడుతున్న ముగ్గురు కుర్రాళ్ళని ఫొటో తీశాడు. ఆ ఫొటో చూసే కెమెరాతో ఏం చేయొచ్చో తనకి అర్థమైందని కార్టియే బ్రెసాన్ అంతటివాడు చెప్పుకున్నాడు. మ్యూజియం ఫొటోగ్రఫీ వేరు, పత్రికల ఫొటోగ్రఫీ వేరు అని మనం గీసే గీతని వాళ్ళెవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఫొటోగ్రాఫర్ కాని ఒక మనిషి గురించి చెప్పాలి. అలెక్సీ బ్రొడొవిచ్. రష్యానుంచి పారిపోయి పారిస్ మీదుగా అమెరికా చేరినవాడు. 1934నుంచి 1958దాకా హార్పర్స్ బజార్ ఆర్ట్ డైరెక్టర్. ఆయన పని ఫొటోలు పేజీలో అమర్చడం. ఫొటోని నిర్దాక్షిణ్యంగా కత్తిరించేవాడు. ఎదురెదురు రెండు పేజీల్నీ కలిపి ఒకే బొమ్మగా చూసేవాడు. అన్నిటికంటే ముఖ్యంగా పేజీలో చాలా భాగం ఖాళీగా వదిలేసేవాడు. స్క్రీన్ మీద అంగుళం ఖాళీ కనబడితే అక్కడో బటన్ పెట్టమనే క్లయింట్లతో వేగేవాళ్ళకి ఆ ధైర్యం విలువేమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన క్లాసులు కూడా నడిపేవాడు. శిష్యుల్ని అడిగేది ఒకటే, నన్ను ఆశ్చర్యపరచండి అని. రిచర్డ్ ఆవెడాన్ ఆ క్లాసులోంచి వచ్చినవాడే.

అంచేత ఫ్యాషన్ ఫొటో ఎవరిదీ అంటే ఒక్క పేరు చెప్పడం కష్టం. ఎడిటర్, ఆర్ట్ డైరెక్టర్, ఫొటోగ్రాఫర్, మోడల్, కుట్టిన దర్జీ, జుట్టు దువ్విన మనిషి, నెగెటివ్ మీద కుంచెతో మచ్చలు దిద్దే రీటచర్. ఇంతమంది చెయ్యి పడితే అది కళ ఎలా అవుతుందంటారా? సినిమా అవుతోందిగా!

రీటచర్ మాటొచ్చింది కాబట్టి ఒక ఫొటో సంగతి. 1939 ఆగస్టు, పారిస్. వారాల్లో యుద్ధం వచ్చేట్టుంది. జర్మనీలో పుట్టి అక్కడ వోగ్‌కి పనిచేస్తున్న హోర్స్ట్ ఊరు వదిలివెళ్ళే ముందు తీసిన ఆఖరి ఫొటో ఇది. మేన్‌బోషర్ తయారుచేసిన కార్సెట్ కట్టుకున్న స్త్రీ, మనకి వీపు చూపిస్తూ కూర్చుని ఉంటుంది. తల కాస్త వంచి, మొహం దాదాపు కనిపించదు. విప్పుతున్న తాళ్ళు రిబ్బన్లలా కిందికి వేలాడుతుంటాయి. ఒక పక్క కార్సెట్ ఒంటికి ఆనకుండా కొంచెం వదులుగా ఉంటుంది. పత్రికలో అచ్చేసినప్పుడు ఆ వదులుని దిద్దేసి నడుముకి బిగించేశారు. ఇవాళ మనకి ఎక్కువగా కనిపించేది దిద్దని రూపం. వస్తువు అమ్మడానికి అడ్డమనిపించిన ఆ చిన్న ఖాళీయే ఫొటోకి ప్రాణం. అది ఉండబట్టే అక్కడ ఒక మనిషి ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. బిగిస్తే మిగిలేది కార్సెట్ ఒక్కటే.

యుద్ధం వచ్చాక ఈ పత్రికలేం చేశాయి? 1941లో లండన్‌లో బాంబులు పడి కూలిన భవనాల మధ్య, శుభ్రంగా సూటూ టోపీ వేసుకుని, మనకి వీపు తిప్పి శిథిలాలకేసి చూస్తూ నిలబడిన మోడల్ని సెసిల్ బీటన్ ఫొటో తీశాడు. అది బ్రిటిష్ వోగ్‌లో వచ్చింది. దాన్ని చూసి ఒకరు ఎంత ధైర్యం అంటారు, ఇంకొకరు ఎంత కండకావరం అంటారు. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఒకే ఫొటో రెండు మాటలూ అనిపించగలిగిందంటే అది వట్టి యాడ్ కాదు.

అంతకంటే పెద్ద కథ లీ మిల్లర్‌ది. 1927 మార్చి వోగ్ ముఖచిత్రం మీద ఉన్న బొమ్మ ఈవిడదే. స్టైకెన్ కెమెరా ముందు నిలబడిన మోడల్. తర్వాత పారిస్ వెళ్ళి మాన్ రే దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకుంది. యుద్ధకాలంలో బ్రిటిష్ వోగ్ తరఫున విలేఖరిగా సైన్యంతోపాటు యూరప్ తిరిగింది. 1945 ఏప్రిల్ 30న డాకౌ నిర్బంధ శిబిరంలోకి వెళ్ళి శవాల గుట్టల్ని ఫొటో తీసింది. అదే రోజు మ్యూనిక్‌లో హిట్లర్ ఇంట్లో స్నానాల తొట్టిలో కూర్చుని తన సహచరుడు డేవిడ్ షెర్మన్ చేత ఫొటో తీయించుకుంది. తొట్టి ముందు చాప మీద ఆమె బూట్లుంటాయి, డాకౌ బురదతో. ఆ ఫొటోలో ఏ వస్తువు ఎక్కడుండాలో తెలిసి పెట్టిన చెయ్యి ఒక మోడల్‌ది, స్టూడియోలో పని నేర్చిన ఫొటోగ్రాఫర్‌ది. నిర్బంధ శిబిరాల ఫొటోలు అమెరికన్ వోగ్ 1945 జూన్ సంచికలో వచ్చాయి. నమ్మండి అన్న అర్థం వచ్చే శీర్షికతో, బట్టల ఫొటోలుండే పత్రికలోనే. 1977లో ఆమె చనిపోయాక ఇంటి అటక మీద వేలకొద్దీ నెగెటివ్‌లు దొరికాయి.

ఇక ఆవెడాన్. 1955 ఆగస్టులో పారిస్‌లోని సిర్క్ దివేర్ అనే సర్కస్‌లో తీసిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. నల్లటి వెల్వెట్ గౌను, తెల్లటి శాటిన్ నడికట్టు, రెండు పక్కలా ఏనుగులు. మధ్యలో డోవీమా అనే మోడల్ రెండు చేతులూ చాపి నాట్యభంగిమలో నిలబడి ఉంటుంది. ఆ గౌను డియోర్ కంపెనీది. గీసింది అప్పుడే కొలువులో చేరిన 19 ఏళ్ళ కుర్రాడు, ఈవ్ సాన్ లోరాన్. మొదటిసారి చూస్తే గౌను నునుపూ ఏనుగు చర్మం ముడతలూ ఎదురెదురుగా కనిపిస్తాయి. ఇంకాసేపు చూస్తే ఏనుగుల కాళ్ళకి గొలుసులు కనిపిస్తాయి. ఆవెడాన్ వాటిని దాచలేదు, ఫ్రేములోనే ఉంచాడు. కదలలేని ఏనుగులు, కదలకూడని మోడల్. అంత అందం వెనక ఎవరెవరు కట్టుబడి ఉండాలో కూడా ఆ ఫొటోలోనే ఉంది. ఇది గౌను ఆర్డరులో లేదు.

2010 నవంబర్లో ఈ ఫొటో పెద్ద ప్రింటు ఒకటి పారిస్ క్రిస్టీస్ వేలంలో 8,41,000 యూరోలకు అమ్ముడుపోయింది. కొన్నది ఎవరనుకున్నారు? డియోర్ కంపెనీ. గౌను అమ్మడానికి ఫొటో తీయించారు. 55 ఏళ్ళ తర్వాత గౌను కుట్టినవాళ్ళే ఆ ఫొటో కొనుక్కున్నారు. డోవీమా మాత్రం జీవితం చివర్లో ఫ్లోరిడాలో ఒక పిజ్జా రెస్టారెంట్‌లో అతిథుల్ని ఆహ్వానించే ఉద్యోగం చేసి 1990లో చనిపోయింది. ఆమె అసలు పేరు డొరతీ వర్జీనియా మార్గరెట్. ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్నదే డోవీమా.

ఇర్వింగ్ పెన్‌ది ఇంకో దారి. 1950లో వోగ్ కోసం పారిస్ వెళ్ళి, ఒక భవనం పై అంతస్తులో కిటికీ వెలుతురున్న గదిని స్టూడియో చేసుకున్నాడు. వెనకాల తెర నాటకశాలలో వాడి పారేసిన పాత కర్టెన్. ఖరీదైన గౌన్లు వేసుకున్న మోడళ్ళని దాని ముందే తీశాడు. ఆ మధ్యమధ్యలోనే చేపలమ్మేవాళ్ళనీ, రొట్టెలు చేసేవాళ్ళనీ, హోటల్ సర్వర్లనీ పనిబట్టల్లోనే, పనిముట్లతో సహా రమ్మని పిలిచాడు. వాళ్ళకీ అదే తెర, అదే వెలుతురు. రాణిలాంటి మోడల్‌కి ఎంత స్థలమిచ్చాడో చేపలావిడకీ అంతే ఇచ్చాడు.

ఈ పెన్ ఫొటోల పక్కన మన దేశానికి సంబంధించిన ఒక సంగతి పెట్టి చూడాలి. వోగ్ ఇండియా 2007లో మొదలైంది. 2008 ఆగస్టు సంచికలో వాళ్ళొక ఫొటోల వరస వేశారు. పల్లెటూళ్ళో పేదవాళ్ళ చేతికి విదేశీ బ్రాండు వస్తువులిచ్చి తీసినవి. ముందు పళ్ళు ఊడిన ఒక పెద్దావిడ ఎత్తుకున్న బిడ్డ మెడలో ఫెండీ కంపెనీ బిబ్, ఒకాయన చేతిలో బర్‌బెరీ గొడుగు, అలా. పెద్ద గొడవైంది, న్యూయార్క్ టైమ్స్‌దాకా వెళ్ళింది. ఫొటో కింద వస్తువు బ్రాండు పేరుంది, పట్టుకున్న మనిషి పేరు లేదు, ఎవరో మహిళ, ఎవరో పురుషుడు అని ఉందంతే అని విమర్శకులు ఎత్తిచూపారు. ఎడిటర్ దీన్ని అంత సీరియస్‌గా తీసుకోవద్దన్నారు.

ఏమాటకామాటే, పెన్ కూడా ఎక్కువగా పేర్లు రాయలేదు, చేసే పనే రాశాడు. మరి తేడా ఏమిటి? పెన్ పిలిచిన మనుషులు తమ బట్టల్లో, తమ పనిముట్లతో, తామే అయి వచ్చారు. ఇక్కడ మనిషిని వస్తువు తగిలించే కొక్కెం చేశారు. వెలుతురు బాగుంది, రంగులు బాగున్నాయి, తీసినవాళ్ళకి పనితనం ఉంది. అయినా ఆ ఫొటోలు అడిగింది మాత్రమే ఇచ్చాయి. చూడండి, మా సరుకు ఎక్కడైనా అందంగానే ఉంటుంది అని. ఎవడికి అందం, ఎవడి ఖర్చుతో అన్న ప్రశ్న ఫొటోలో లేదు, చూసినవాళ్ళే వేసుకోవలసి వచ్చింది.

దీన్ని యాడ్లే కదా, అంతేలే అని కొట్టిపారేస్తే ఆ ప్రశ్న వేసే అవకాశమే పోతుంది. ఫ్యాషన్ ఫొటోని కళ అనమని నేను పట్టుబట్టేది అందుకే. కళ అన్నది క్యారెక్టర్ సర్టిఫికెట్ కాదు. ఇది శ్రద్ధగా చూడదగ్గ వస్తువు, కాబట్టి దీన్ని నిలదీయవచ్చు అని ఒప్పుకోవడం.

శ్రద్ధగా చూసినప్పుడు ఫ్రేములో ఎవరున్నారో కాదు, ఎవరు లేరో కూడా కనబడుతుంది. బ్రిటిష్ వోగ్ అట్ట మీద మొదటిసారి నల్లజాతి మోడల్ డోన్యేల్ లూనా కనిపించింది 1966 మార్చిలో. అమెరికన్ వోగ్ అట్ట మీదికి బెవర్లీ జాన్సన్ వచ్చింది 1974 ఆగస్టులో. గోర్డన్ పార్క్స్ లాంటి గొప్ప నల్లజాతి ఫొటోగ్రాఫర్ 1940లలోనే వోగ్ లోపలి పేజీలకి ఫొటోలు తీశాడు. కానీ ఒక నల్లజాతి ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో అమెరికన్ వోగ్ అట్ట మీదికి ఎక్కింది 2018 సెప్టెంబర్లో. టైలర్ మిచెల్ అనే కుర్రాడు తీసిన బియాన్సే ఫొటో అది. పత్రిక పుట్టిన 126 ఏళ్ళకి! గౌన్లనే చూస్తూ పేజీలు తిప్పేవాళ్ళకి ఈ లెక్క తట్టదు.

మ్యూజియంలు ఈ ఫొటోల్ని ఎప్పుడో ఒప్పుకున్నాయి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం 1978లో ఆవెడాన్ ప్రదర్శన పెట్టింది. మన స్టైకెనైతే 1947లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఫొటోగ్రఫీ విభాగానికి డైరెక్టరే అయ్యాడు. కానీ మ్యూజియం గోడ మీద ఫొటో ఒంటరిగా ఉంటుంది. ఎదురు పేజీలో ఏముందో, కింద ధర ఎంత రాశారో, బ్రొడొవిచ్ వదిలిన ఖాళీ ఎంతో తెలియదు. అందుకే వీలుంటే పాత సంచికలే చూడమంటాను. చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు కూడా.

చూసేటప్పుడు నేను చేసేది చాలా సింపుల్. ముందు వెలుతురు ఏ వైపునుంచి పడుతోందో చూస్తాను. తర్వాత చేతులు చూస్తాను, మొహంతో నటించడం తేలిక, చేతులతో కష్టం. తర్వాత గౌనుని మనసులోనే తీసేస్తాను. గౌను లేకుండా కూడా ఆ ఫొటోలో ఇంకేమైనా మిగిలితే, ఆర్డరిచ్చినవాడు అడగనిది ఏదో అక్కడ ఉన్నట్టే. చాలా ఫొటోల్లో ఏమీ మిగలదు. నూటికి తొంభై ఏ రంగంలోనైనా అంతే, మనం రాసే కోడుతో సహా. ఆ మిగతా పది కోసమే పేజీలు తిప్పడం.